ఇవాళ పైపు ఎన్నో రోజు?

2000 సంవత్సరంలో అమెరికాలో ఒక చిన్న పరిశోధన అచ్చయింది. సంజయ్ సెయింట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ నాలుగు ఆస్పత్రుల్లో తిరిగి, వార్డు డాక్టర్లను ఒక సాదాసీదా ప్రశ్న అడిగారు: మీరు చూస్తున్న రోగుల్లో ఎవరెవరికి మూత్రం పైపు ఉంది? వాళ్లు చెప్పిన జవాబులను మంచాల దగ్గర ఉన్న వాస్తవంతో సరిచూశారు. పైపు ఉన్న రోగుల విషయంలో నూటికి 28 సార్లు, ఆ సంగతే డాక్టరుకు తెలియదని తేలింది. మెడికల్ విద్యార్థుల్లో ఈ తెలియకపోవడం 21 శాతం. పెద్ద డాక్టర్లలో 38 శాతం. హోదాతో పాటు మరుపూ పెరుగుతూ పోయింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఏ అవసరమూ లేకుండా ఉండిపోయిన పైపులనే ఎక్కువగా మరిచిపోయారు.

ఈ మరుపుకు మూల్యం కట్టేది రోగి. ఆస్పత్రిలో చేరాక కొత్తగా వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులు ఈ పైపుతో ముడిపడినవేనని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. ఆస్పత్రిలో చేరినవాళ్లలో 15 నుంచి 25 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు పైపు పడుతుంది. ఇన్ఫెక్షన్ ఎవరికి వస్తుందన్న ప్రశ్నకు వైద్య పుస్తకాలు పొడుగాటి జాబితానే ఇస్తాయి. ఆడవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు, కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకు అని. అదంతా నిజమే. కానీ ఆ జాబితాలో అన్నిటికన్నా పైన ఉండేది రోగికి సంబంధించినది కాదు. పైపు లోపల ఎన్ని రోజులుందన్నదే.

గొట్టంతో మూత్రం తీయడం చాలా పాత విద్య. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్న జాన్ మూత్రాశయంలో రాళ్లతో బాధపడుతుంటే, ఆ ఫ్రాంక్లినే వంగే వెండి గొట్టం ఒకటి ఊహించి, దగ్గరుండి చేయించి పంపాడు. అలాంటి గొట్టాలన్నీ పని కాగానే బయటికి వచ్చేసేవి. లోపల ఉంచాలంటే ప్లాస్టర్లు అంటించాలి, దారాలు కట్టాలి, అయినా జారిపోయేవి. ఈ చిక్కును విప్పినవాడు అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన ఫ్రెడరిక్ ఫోలీ. గొట్టం కొసన చిన్న రబ్బరు బుడగ అమర్చి, అది మూత్రాశయంలోకి చేరాక బయటి నుంచి నీళ్లు ఎక్కించి ఉబ్బించాడు. బుడగ అడ్డుపడితే గొట్టం ఇక జారదు. 1935లో తోటి యూరాలజిస్టుల ముందు దాన్ని చూపించాడు. పేటెంటు మాత్రం ఆయనకు దక్కలేదు. వివాదం నడిచి, చివరికి అది డావోల్ రబ్బరు కంపెనీకి చెందిన పాల్ రైషేకి పోయింది. పేరు ఫోలీకి మిగిలింది. ఇవాళ మన జిల్లా ఆస్పత్రి స్టోరులో కూడా ఆ ప్యాకెట్టును ఫోలీస్ అనే అడుగుతారు. ప్యాకెట్టు మీద ఉండే 14, 16 అంకెలు ఫ్రెంచి పనిముట్ల తయారీదారు షారియేర్ కొలత ప్రకారం వేసినవి. ఆ అంకెను మూడుతో భాగిస్తే గొట్టం మందం మిల్లీమీటర్లలో వస్తుంది. లావుపాటిది వేస్తే మూత్రం బాగా వస్తుందనుకోవడం పొరపాటు. అది మూత్రమార్గాన్ని ఒరుసుకుని పుండు చేస్తుంది. పని జరిగే వాటిలో అన్నిటికన్నా సన్నది వేయమన్నదే నియమం.

ఫోలీ బుడగ కోట్ల మందికి మేలు చేసింది. మూత్రం బిగుసుకుపోయి కడుపు ఉబ్బి విలవిల్లాడుతున్న మనిషికి పైపు వేసిన మరుక్షణం దొరికే ఉపశమనం చూసినవాళ్లెవరూ దాన్ని తక్కువ చేసి మాట్లాడరు. కానీ దానంతటది నిలిచి ఉండే గొట్టాన్ని మరిచిపోవడం తేలిక. పైన దుప్పటి ఉంటుంది. బ్యాగు మంచం పక్కన వేలాడుతుంటుంది. రోగి మంచం దిగాల్సిన పని లేదు, తడిసిన పక్కలు మార్చాల్సిన పని ఎవరికీ లేదు. ఎవరికీ ఇబ్బంది లేని వస్తువును తీసేయాలని ఎవరికీ తోచదు.

లోపల జరిగేది వేరు. మూత్రాశయం తనను తాను కాపాడుకునే పద్ధతి సరళమైనది. నిండుతుంది, పూర్తిగా ఖాళీ అవుతుంది, పోతూ పోతూ లోపలికి పాకిన క్రిములను బయటికి తోసేస్తుంది. మగవాళ్లలో మూత్రమార్గం సుమారు 20 సెంటీమీటర్ల పొడుగు కాబట్టి క్రిమి ఎక్కిరావలసిన దారి ఎక్కువ. ఆడవాళ్లలో 4 సెంటీమీటర్లే. పైపు ఈ ఏర్పాటునంతా తలకిందులు చేస్తుంది. బయటి ప్రపంచం నుంచి మూత్రాశయం దాకా తెరిచిన దారి ఏర్పడుతుంది. నిండడం, ఖాళీ అవడం అనే లయ ఆగిపోతుంది. పైగా ఫోలీ గొట్టానికి మూత్రం ప్రవేశించే కన్ను బుడగకు పైన ఉంటుంది. కాబట్టి బుడగ చుట్టూ అడుగున కొంచెం మూత్రం ఎప్పుడూ నిలిచే ఉంటుంది. నిలవ మూత్రం బ్యాక్టీరియాకు పనికొచ్చే వసతి.

గొట్టం ఒరుసుకున్నచోట శరీరం గాయం మానడానికి ఫైబ్రినోజెన్ అనే ప్రొటీనును విడుదల చేస్తుంది. అది గొట్టానికి పూతలా పడుతుంది. ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియాకు సరిగ్గా ఆ ప్రొటీనునే పట్టుకునే సన్నని నూలుపోగుల్లాంటి కొక్కేలు ఉన్నాయని 2014లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చూపించారు. మామూలు మూత్రాశయంలో నిలదొక్కుకోలేని ఈ క్రిమి పైపు ఉన్న మూత్రాశయంలో ఎందుకంత సులువుగా స్థిరపడుతుందో దాంతో కొంత అర్థమైంది. ఒకసారి అంటుకున్నాక బ్యాక్టీరియా తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. దీన్ని బయోఫిల్మ్ అంటారు. నీళ్ల ట్యాంకు గోడకు పట్టిన పాచి నీళ్లు పోస్తే పోనట్టే, ఈ పొర కూడా మూత్ర ప్రవాహానికి కొట్టుకుపోదు. యాంటీబయాటిక్ పైపైన తేలే బ్యాక్టీరియాను చంపుతుంది, పొర లోపలివి చాలావరకు బతికే ఉంటాయి. మందు ఆపగానే మళ్లీ మొదలవుతుంది. పాత పైపును అలాగే ఉంచి ఇన్ఫెక్షనుకు మందు వాడటంలో ఉన్న వ్యర్థం ఇదే.

క్రిములు వచ్చే దారులు రెండు. గొట్టం బయటి గోడను పట్టుకుని చర్మం మీదుగా ఎక్కడం ఒకటి. బ్యాగులోంచో, గొట్టానికీ బ్యాగుకూ మధ్య ఉన్న అతుకులోంచో లోపలి గుండా ఎక్కడం రెండోది. 1999లో పాల్ తంబయ్య, డెన్నిస్ మాకీ బృందం విస్కాన్సిన్‌లో ఈ దారులను వెతికి పట్టుకుంది. దారి తేల్చగలిగిన కేసుల్లో మూడింట రెండు వంతులు బయటి దారిన వచ్చినవి, ఒక వంతు లోపలి దారిన.

లోపలి దారి ఒకప్పుడు రాజమార్గం. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా గొట్టం కొసను మంచం కింద తెరిచిన సీసాలోకి వదిలేసేవారు. ఆ పద్ధతిలో నాలుగు రోజులు తిరిగేసరికి దాదాపు ప్రతి రోగి మూత్రంలోనూ బ్యాక్టీరియా చేరేది. 1958లో పాల్ బీసన్ అనే అమెరికన్ వైద్యుడు పైపుపై నేరారోపణ పత్రంలాంటి ఒక సంపాదకీయం రాశాడు. వైద్య లోకంలో ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. 1966లో కాల్విన్ క్యూనిన్, రెజినా మెకార్మాక్ మూసిన బ్యాగు పద్ధతి వల్ల ఇన్ఫెక్షన్లు ఎంత తగ్గుతాయో చూపించారు. ఇవాళ మనం చూసే ప్లాస్టిక్ బ్యాగు, కింద తిప్పే మూత, అన్నీ ఆ మార్పు ఫలితమే. పైపు చరిత్రలో ఇన్ఫెక్షనును నిజంగా దెబ్బతీసిన సాంకేతిక మార్పు ఏదంటే నేను దీన్నే చెబుతాను.

బ్యాగు మూసి ఉన్నా కాలం ఆగదు. పైపు ఉన్న ప్రతి రోజూ సుమారు 3 నుంచి 7 శాతం మందికి కొత్తగా మూత్రంలో బ్యాక్టీరియా చేరుతుంది. మధ్యస్థంగా 5 శాతం అనుకుని లెక్కవేయండి. అయిదు రోజులకు నూటికి 23 మంది, పది రోజులకు 40 మంది. నెల తిరిగేసరికి దాదాపు 79 మంది. ఆస్పత్రి ఎంత ఖరీదైనదైనా, నర్సు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఈ లెక్క నెమ్మదిస్తుంది గానీ నిలవదు. మాకీ, తంబయ్య 2001లో పాత పరిశోధనలన్నీ కూర్చి చూస్తే, ఆరు రోజులు దాటిన పైపుకు ఇన్ఫెక్షను ముప్పు అయిదు నుంచి ఏడు రెట్లుంది. ఆడవాళ్లకు రెండున్నర నుంచి మూడున్నర రెట్ల పైచిలుకు. షుగరు, పోషణ లోపం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2 దాటడం, ఇవన్నీ ఒక్కోటీ సుమారు రెండు రెట్లు. ఆపరేషన్ థియేటరులో కాక వార్డులోనో క్యాజువాలిటీలోనో హడావుడిగా వేసిన పైపుకు ముప్పు ఎక్కువ. వయసును మార్చలేం, షుగరును ఒక పూటలో తగ్గించలేం. రోజులను మాత్రం తగ్గించగలం.

వేసేటప్పటి శుభ్రత గురించి నర్సింగ్ పుస్తకాల్లో ఉన్నదంతా ఇక్కడ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆడవాళ్లకు వేసేటప్పుడు పైపు పొరపాటున యోనిలోకి వెళ్లడం అరుదేమీ కాదు. అదే పైపును తీసి మూత్రమార్గంలోకి పెట్టకూడదు. దాన్ని అక్కడే గుర్తుగా ఉంచి, కొత్త ప్యాకెట్టు విప్పి, రెండోది సరైన చోట వేసి, తర్వాత మొదటిది తీసేయాలి. ఇంకో పైపు ఖర్చవుతుందని వెనకాడేచోట ఆ పొదుపు యాంటీబయాటిక్ బిల్లులో తేలుతుంది.

ఇక మన వార్డుల సంగతి. పుస్తకంలో బ్యాగు ఖాళీ చేసేది నర్సు. మన దగ్గర చాలాచోట్ల ఆ పని రోగి కోడలిది, కొడుకుది, లేదంటే అటెండెంటుగా కూర్చున్న మేనల్లుడిది. ఒక సిస్టరుకు ముప్పై, నలభై మంచాలు చూడాల్సి వస్తే వేరే దారి ఉండదు. కానీ వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పరు. "బ్యాగు నిండింది సిస్టర్" అంటే "కింద మూత తిప్పి పారబోయండి" అని మాత్రం అంటారు. ఎందులోకి? పక్క మంచం వాళ్లు వాడిన మగ్గులోకే. బ్యాగు కింది నాళం ఆ మగ్గు అంచుకు తగులుతుంది. ఒక మంచం దగ్గరి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా రెండో మంచానికి నడవడానికి ఆ మగ్గు చాలు. ప్రతి రోగికీ వేరే పాత్ర ఉండాలి, ఖాళీ చేసే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి, నాళం కొస దేనికీ తగలకూడదు. బ్యాగు మూడింట రెండు వంతులు నిండేలోగానే ఖాళీ చేయాలి.

అంతకన్నా పెద్ద తప్పు స్ట్రెచరు దగ్గర జరుగుతుంది. స్కానింగుకు తీసుకెళ్లేటప్పుడు వార్డు బాయ్ బ్యాగును కొక్కెం నుంచి తీసి రోగి పొట్ట మీద పెడతాడు. ఎక్కడో చిక్కుకుని లాగబడకుండా ఉండాలన్న మంచి ఉద్దేశమే. కానీ ఆ క్షణం బ్యాగు మూత్రాశయం కన్నా ఎత్తులో ఉంది. రెండు రోజులుగా బ్యాగులో పులిసిన మూత్రం గొట్టంలో వెనక్కి పారుతుంది. వెనక్కి రాకుండా బ్యాగుల్లో కవాటం ఉంటుందని కంపెనీలు చెబుతాయి, దాన్ని నమ్ముకోకూడదు. కదిలించే ముందు బ్యాగు ఖాళీ చేసి, స్ట్రెచరు కమ్మీకి నడుము కన్నా కిందుగా వేలాడదీస్తే సరిపోతుంది. అలాగని నేల మీద పెట్టకూడదు. నడిపించడానికో స్నానానికో వీలుగా ఉంటుందని పైపును బ్యాగు నుంచి ఊడదీసి మళ్లీ తగిలించడం ఇంకో అలవాటు. 1966లో మూసిన ఆ దారిని మన చేత్తో మనమే తెరిచినట్టు. గొట్టం తొడకు ప్లాస్టరుతో కదలకుండా అంటించి ఉంటే ఒరిపిడి తగ్గుతుంది, ఆ చిన్న ప్లాస్టరు మన వార్డుల్లో కనబడేది తక్కువ.

పైపు అంటే ముసలివాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లకు ఇంకో లెక్క. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం సగటు 21.5 శాతం. సిజేరియను అంటే దాదాపు ఎప్పుడూ పైపు ఉంటుంది. వెన్నుకు ఇచ్చిన మత్తు వల్ల మూత్రాశయానికి స్పర్శ ఉండదు, ఆపరేషనులో మూత్రాశయం ఉబ్బి అడ్డు రాకూడదు. అంతవరకు సబబే. ఆ తర్వాత ఎప్పుడు తీయాలన్నది చాలాచోట్ల ఆలోచనను బట్టి కాక ఆస్పత్రి ఆనవాయితీని బట్టి నడుస్తుంది. "రేపు పొద్దున రౌండ్లయ్యాక తీద్దాం" అంటారు. సర్జరీ తర్వాత త్వరగా కోలుకునే పద్ధతులను రూపొందించే అంతర్జాతీయ వైద్య బృందాలు, ప్రత్యేక కారణం లేకపోతే సిజేరియను తర్వాత పైపు వెంటనే తీసేయమంటున్నాయి. వయసులో ఉన్న ఆరోగ్యవంతురాలికి ఒక్క రోజులో పెద్ద ముప్పేమీ రాకపోవచ్చు. కానీ ఇన్ని లక్షల కాన్పుల మీద ఆ ఒక్క రోజును గుణించి చూడండి. పైపు లేని తల్లి త్వరగా లేచి నడుస్తుంది, అది వేరే లాభం.

బ్యాగును చూసి కంగారుపడే సందర్భం ఒకటుంది, సరదాగా చెప్పుకోదగ్గది. ఒక్కోసారి పైపు, బ్యాగు ఊదా రంగుకు తిరుగుతాయి. మలబద్ధకం ఉన్న వృద్ధ స్త్రీలలో, ఎక్కువ రోజులు పైపు ఉన్నవాళ్లలో ఇది కనబడుతుంది. వైద్య పత్రికల్లో 1978లో మొదటిసారి వర్ణించారు. తిండిలోని ట్రిప్టోఫాన్ అనే పదార్థాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా ఇండోల్‌గా మారుస్తాయి. కాలేయం దానికి ఇంకో రూపమిచ్చి మూత్రంలోకి పంపుతుంది. బ్యాగులో చేరిన బ్యాక్టీరియా దాన్ని విడగొడితే నీలిమందు రంగు ఒకటి, ఎర్ర రంగు ఒకటి పుడతాయి. రెండూ ప్లాస్టిక్‌లో కలిసి ఊదా అవుతుంది. చూడటానికి భయంకరంగా ఉన్నా సాధారణంగా ప్రమాదం కాదు. పైపు మార్చి, మలబద్ధకం సరిచేస్తే చాలావరకు పోతుంది.

ఈ ఊదా బ్యాగు ఒక పెద్ద తికమకకు మంచి ప్రవేశిక. మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం వేరు, ఇన్ఫెక్షను వేరు. తంబయ్య, మాకీ 2000లో పైపు ఉన్న 1,497 మందిని గమనించారు. 235 కేసుల్లో కొత్తగా బ్యాక్టీరియా చేరింది. వాటిలో నూటికి 90కి పైగా ఏ లక్షణమూ లేదు. జ్వరమూ లేదు, నొప్పీ లేదు. వాళ్లకు మందు అక్కర్లేదు. అయినా మన దగ్గర జరిగే తంతు తెలిసిందే. మూత్రం మబ్బుగా ఉందనో వాసన వస్తోందనో శాంపిలు పంపిస్తారు. రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) నిండుగా ఉన్నాయని వస్తుంది. గొట్టం ఒరిపిడికే అవి పెరుగుతాయన్న సంగతి ఎవరికీ గుర్తురాదు. కల్చరులో ఏదో ఒకటి పెరుగుతుంది, పెరక్కపోతేనే ఆశ్చర్యం. ఆ క్రిమి ఏ మందులకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ పట్టీలో కింద ఉన్న ఖరీదైన ఇంజెక్షను మొదలవుతుంది. జ్వరం, పొత్తికడుపు నొప్పి, నడుము పక్కన నొప్పి, వణుకు, బీపీ పడిపోవడం లాంటివి ఉంటేనే ఇన్ఫెక్షను అనుకోవాలి, అదీ జ్వరానికి వేరే కారణం కనబడనప్పుడు. లక్షణాలు లేని బ్యాక్టీరియాకు మందు వాడాల్సిన సందర్భాలు ప్రధానంగా రెండు: గర్భిణులకు, మూత్రమార్గంలో రక్తం వచ్చే అవకాశమున్న ఆపరేషనుకు ముందు.

కల్చరు నిజంగా కావాల్సినప్పుడు కూడా శాంపిలు బ్యాగులోంచి తీస్తే అది ఉపయోగం లేని పరీక్షే. గొట్టం మీద అందుకోసమే ఉన్న చోటును తుడిచి సిరంజితో తీయాలి. పైపు రెండు వారాలు దాటి ఉంటే, పాతది తీసేసి కొత్తది వేసి దాంట్లోంచి తీయాలి. లేకపోతే ల్యాబు చెప్పేది గొట్టం గోడ మీది కాపురాల గురించి, మూత్రాశయం గురించి కాదు.

అక్కర్లేని మందు వల్ల నష్టం ఆ రోగితో ఆగదు. ప్రపంచమంతా భయపడ్డ ఎన్‌డీఎం-1 అనే నిరోధక జన్యువు మొదట దొరికింది మూత్రం శాంపిలులోనే. ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ తిరిగి వెళ్లిన భారత సంతతి వ్యక్తి మూత్రంలోని క్లెబ్సియెల్లాలో 2008లో దాన్ని గుర్తించారు. పైపు ఉన్న మూత్రాశయం మొండి క్రిములకు శిక్షణ శాల. అక్కడ యాంటీబయాటిక్ ముందుజాగ్రత్తగా వాడితే మొదటి కొద్ది రోజులు ఇన్ఫెక్షను తగ్గినట్టే కనబడుతుంది, ఆ తర్వాత వచ్చేది ఆ మందుకు లొంగనిది.

సాంకేతికతతో ఈ సమస్యను దాటాలని చూసిన ప్రయత్నాలు చాలావరకు నిరాశే మిగిల్చాయి. వెండి పూత పైపు బ్యాక్టీరియాను చంపుతుందని ప్రయోగశాలలో చూపించారు, ధర ఎక్కువ పెట్టి అమ్మారు. బ్రిటన్‌లో 24 ఆస్పత్రుల్లో ఏడు వేల మందికి పైగా రోగుల మీద పరీక్షించి 2012లో ఫలితం ప్రకటిస్తే, మామూలు పైపుతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బ్యాగులో క్రిమిసంహారకం పోయడం, మూత్రాశయాన్ని మందు నీళ్లతో కడగడం, ఇన్ని రోజులకోసారి అని పైపు మార్చడం, రోజూ ఆయింట్‌మెంటు రాయడం, ఇవేవీ నిలబడలేదు. రోజూ సబ్బూ నీళ్లతో శుభ్రం చేస్తే చాలు.

పనిచేసింది చాలా సాదాది. రోజూ పొద్దున ఒకరు "ఇవాళ ఈ పైపు ఎందుకుంది?" అని అడగడం. రోజులు దాటితే కంప్యూటరు గుర్తుచేయడం, లేదా కారణం కొత్తగా రాయకపోతే నర్సే తీసేసే అధికారం ఇవ్వడం. ఈ రకం పరిశోధనలను కలిపి చూస్తే ఇన్ఫెక్షన్లు సగానికి తగ్గాయి. 2008 అక్టోబరు నుంచి అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్, ఆస్పత్రిలో అంటుకున్న పైపు ఇన్ఫెక్షనుకు అయ్యే అదనపు ఖర్చు ఇవ్వనంది. 2016లో అదే సంజయ్ సెయింట్ బృందం 603 ఆస్పత్రుల ఫలితాలు ప్రచురించింది. మామూలు వార్డుల్లో వెయ్యి పైపు-రోజులకు (ఒక రోగికి ఒక రోజు పైపు ఉంటే ఒక పైపు-రోజు) 2.28 ఉన్న ఇన్ఫెక్షన్లు 1.54కు దిగాయి. ఐసీయూల్లో మాత్రం కదలిక లేదు. అక్కడ గంట గంటకూ మూత్రం కొలవాలన్న వాదన బలమైనది, దాన్ని ప్రశ్నించే అలవాటు తక్కువ.

ఆ వెయ్యి పైపు-రోజుల కొలతలో ఒక మడత ఉంది. మన దేశంలో ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతను తనిఖీ చేసే సంస్థ) గుర్తింపు ఉన్న ఆస్పత్రులూ ఈ కొలతనే లెక్కిస్తాయి. ఒక ఆస్పత్రి అక్కర్లేని పైపులన్నీ తీసేసిందనుకోండి. ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి, పైపు-రోజులు ఇంకా ఎక్కువ తగ్గుతాయి. మిగిలినవాళ్లంతా బాగా జబ్బుపడ్డవాళ్లే. దాంతో రేటు పెరిగినట్టు కనబడవచ్చు. పైపులు విచ్చలవిడిగా వేసే ఆస్పత్రి రేటే తక్కువగా, అందంగా కనబడవచ్చు. కాబట్టి రేటు ఒక్కటే చూపించి గర్వపడే ఆస్పత్రిని, మీ రోగుల్లో ఎందరికి పైపు ఉందో కూడా చెప్పమని అడగాలి.

పైపు లేకుండా ఎలా అన్న ప్రశ్నకు జవాబులున్నాయి. స్పృహలో ఉండి సహకరించే మగవాళ్లకు బయట తొడిగే కండోమ్ క్యాథెటరు ఉంది. మూత్రాశయం పనిచేయనివాళ్లకు కొన్ని గంటలకోసారి గొట్టం పెట్టి ఖాళీ చేసి తీసేసే పద్ధతి ఉంది. దీన్ని రోగి ఇంట్లో తనే, శుభ్రమైన చేతులతో చేసుకోవచ్చని 1972లో మిషిగన్‌కు చెందిన జాక్ లాపిడెస్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల జీవితాన్ని అది మార్చేసింది. మంచం దిగలేనివాళ్లకు బెడ్‌పాన్, దిగగలిగినవాళ్లకు కుండీ కుర్చీ ఉన్నాయి. మూత్రం ఆపుకోలేకపోవడం ఒక్కటే కారణమైతే డయపరు మేలు, పక్క తడుస్తుందన్నది పైపుకు తగిన కారణం కాదు. నిజమైన కారణాలు వేరే ఉన్నాయి: మూత్రం బిగుసుకుపోవడం, ప్రాణాపాయ స్థితిలో గంట గంటకూ కొలవాల్సి రావడం, కొన్ని పెద్ద ఆపరేషన్లు, మూత్రం తగిలితే మానని నడుము కింది పుండు, చివరి రోజుల్లో రోగికి ఊరట.

పక్షవాతం వచ్చినవాళ్లను చాలామంది పైపుతోనే ఇంటికి తెచ్చుకుంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి నెలకోసారి మారుస్తుంటాడు. అక్కడ వచ్చే చిక్కు వేరు. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. మూత్రం క్షారంగా మారి, ఖనిజాలు స్ఫటికాలై గొట్టం లోపల సున్నంలా పేరుకుని దారి మూసేస్తాయి. బ్యాగు ఖాళీగా ఉండి పొత్తికడుపు ఉబ్బిందంటే, పైపు పక్కల నుంచి కారుతోందంటే, అది అప్పటికప్పుడు చూడాల్సిన పని, పొద్దున చూద్దామనుకునేది కాదు. జ్వరంతో వణుకు, ఉన్నట్టుండి మగతగా ఉండటం కూడా అంతే.

డిశ్చార్జి రోజు కాగితంలో మందుల కింద ఒక గీత మీద పైపు ఎప్పుడు వేశారో, ఎందుకు వేశారో, ఎప్పుడు తీయాలో రాయించుకోవచ్చు. తీయడం నిమిషం పని. బుడగలోని నీళ్లు సిరంజితో పూర్తిగా లాగేశాక గొట్టం మెల్లగా జారి వస్తుంది. నీళ్లు తీయకుండా లాగితే మాత్రం మూత్రమార్గం చీరుకుపోతుంది, మతి స్థిమితం తప్పిన వృద్ధులు రాత్రిపూట చేసేది అదే. తీశాక నాలుగు నుంచి ఆరు గంటల్లోగా రోగి తనంతట తాను మూత్రం పోయాలి. మొదటిసారి కొంచెం మంట ఉండటం మామూలే. పోయలేకపోయినా, పొట్ట బిగిసినా సిస్టరుకు చెప్పాలి. వాళ్లు పొట్ట మీద స్కానరు పెట్టి లోపల ఎంతుందో చూసి, ఎక్కువుంటే ఒకసారి గొట్టంతో ఖాళీ చేసి మళ్లీ అవకాశమిస్తారు. చాలామందికి ఆ రెండో ప్రయత్నంలో మూత్రం వస్తుంది.